తెలుస్తలేదు

నాంపల్లిలో నుమాయిష్ ప్రదర్శన దీపాలు వెలిగాయంటే నర్మదకు ఆకాశంలో బంతితోట పూసినట్టే. ఒక్కొక్క దీపం ఒక్కొక్క పువ్వు. పువ్వు చుట్టూ రెక్కలు, రెక్కల చుట్టూ పసుపు రాలినట్టు వెలుగు. పెద్ద చక్రం తిరుగుతుంటే ఆ పూలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచేవి, దిగేవి. లౌడుస్పీకరు పాట గాలికి ఒకసారి దగ్గరికి వచ్చేది, ఒకసారి స్టేషను మీదుగా ఎటో పోయేది. డాబా పిట్టగోడకు గడ్డం ఆనించుకుని, కింద వడ్డించిన అన్నం చల్లారుతున్నా ఆ పిల్ల కదిలేది కాదు.

"ఏం చూస్తవే గంతసేపు?" అని కోప్పడటానికి పెద్దమ్మ మెట్లెక్కి వచ్చేది. వచ్చి, తనూ పక్కన నిలబడిపోయేది.

"పూలు పూసినట్టున్నయ్ గదనే," అనేది చివరికి.

అందమైనదాన్ని ఎవరైనా పూలనే అంటారు. నర్మద ఆ మాటను అంతవరకే తీసుకుంది. తన చూపు సంగతి వేరని నిరుడే తెలిసిపోయింది. తొమ్మిదో తరగతిలో పంతులమ్మ పిల్లల వరస మార్చితే ఆఖరు బెంచీ దక్కింది. అక్కడినుంచి చూస్తే నల్లబల్ల మీద తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. పక్కనున్న పిల్లలు ఆ పొగను చూసి చకచకా రాసుకుపోతున్నారు. నర్మద బెంచీ అంచు పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత పంతులమ్మ నోటినుంచి వచ్చే మాటను ఒక్కటీ కింద పడనియ్యకుండా పట్టుకోవడం నేర్చుకుంది. ఆ యేడు సైన్సులో క్లాసుకు మొదటిది తనే అయింది.

ఇంట్లో చెప్పకపోవడానికి కారణం ఎదురిల్లే. వామన్‌రావు వకీలు కూతురికి కళ్ళద్దాలొచ్చిన నెలలోనే బడి మాన్పించారు. ఆ రోజు పెద్దమ్మ గడపలో కూర్చుని రవిక కుడుతూ, "నేను చెప్పలే? చదువు కండ్లను తింటది," అంది. "నాకు యాభై దాటినయ్. ఒక్క అక్షరం ఎరుగ. సూడు, సూదిల దారం ఎట్ల ఎక్కుతదో." సూదిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒక్క ఊపున దారం ఎక్కించి, తల ఎగరేసింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు. నర్మద తండ్రి సదాశివ సర్కారు కచేరీలో గుమాస్తా, నలుగురికి జవాబు చెప్పే మనిషి. కానీ వదిన ముందు నిలబడితే బొత్తాం ఊడిన చొక్కా వేసుకున్న పిల్లాడిలా అయిపోతాడు. ఆయనను పెంచి పెద్ద చేసింది ఆమే మరి.

*

బడిలో విజ్ఞాన మండలి అని ఒకటుంది. సైన్సులో ముందు వరసలో నిలిచిన పిల్లలకే అందులో చోటు. చేరినవాళ్ళు ఓణీకి నీలం రిబ్బను గుచ్చుకుంటారు. "అది నగ కాదమ్మాయిలూ, చాకిరి," అనేది మండలిని నడిపే విద్యావతి టీచర్. బెజవాడ వైపునుంచి మూడేళ్ళ కిందట వచ్చిన మనిషి. మాట మెత్తన, నడక వడి. సంక్రాంతికి ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని స్టేషను వెనక బస్తీ బావుల్లో కలరా రాకుండా ఎర్రమందు కలిపించింది. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగితే పిల్లలు చప్పట్లు కొట్టారు. బస్తీ ఆడవాళ్ళు మాత్రం ఆ నీళ్ళతో రెండు రోజులు అన్నం వండలేదు.

ఈసారి కళ్ళ పరీక్ష. దవాఖాననుంచి అడిగి తెచ్చిన అక్షరాల పటం ఇంగ్లీషులో ఉంది. "మనవాళ్ళకు ఇంగ్లీషెందుకు? తెలుగులో రాద్దాం," అంది టీచర్. మండలి పిల్లలు పొంగిపోయారు. చేతిరాత మంచిదని పని నర్మదకు పడింది. తెల్లట్ట మీద ముక్కు సిరాకు అంటుతుందా అన్నంతగా వంగి, పైన ఇంత లావు 'థ' ఒక్కటి, దాని కింద 'గ', 'మ', ఆ కింద ఇంకా చిన్నవి, ఆవగింజలంత అక్షరాలతో ఆఖరి వరస రాసింది. ఆఖరి వరసలో కలం కక్కిన సిరా బొట్టును తుడవబోతే కాస్త అలుక్కుంది. ఎవరికీ చెప్పలేదు. రాయడం అయ్యేసరికి పటమంతా నోటికి వచ్చేసింది. అప్పుడు గుండెలో ఒక దొంగ ధైర్యం కుదురుకుంది.

ఆదివారం పొద్దున వరండా చివర పటం వేలాడదీశారు. ఇటు చివర ఒక గీత గీశారు. ముందు మండలి పిల్లలే నిలబడ్డారు. నర్మద వంతు వచ్చింది. వరండా చివర ఒక తెల్లటి మబ్బు వేలాడుతోంది. ఆ మబ్బును చూస్తూ, పద్యం అప్పజెప్పినట్టు కాకుండా మధ్య మధ్య ఆగుతూ, కళ్ళు చికిలించినట్టు నటిస్తూ, ఆఖరి అక్షరం దాకా చదివేసింది.

"డేగ కళ్ళే నీవి!" అంది విద్యావతి టీచర్.

"పటం దగ్గర నేనుంట టీచర్. బెత్తం పెట్టి చూపిస్త," అంది నర్మద. దగ్గరగా ఉంటే భయం లేదు.

బడి హాస్టలు వంటవాళ్ళు, రిక్షావాళ్ళు, బస్తీ పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చారు. తోటమాలి భూమయ్య గీత మీద నిలబడి మీసం దువ్వుకున్నాడు. "గివి నాకు రావమ్మా. ఉర్దూ బడిల చదివినోణ్ణి. ఉర్దూల రాసియ్యున్రి, టకటక చదువుత," అన్నాడు. అందరూ నవ్వారు. మండలి పెద్ద విమల, పై తరగతి పిల్ల, "పో భూమయ్యా, నీ కళ్ళకేం," అని పంపించేసింది.

తర్వాత పోశవ్వ వచ్చింది. హాస్టల్లో బియ్యం చెరిగి రాళ్ళేరే ముసలామె. రెండు పూటలా ఆమె తిండి అక్కడే. నీలి చీర కొంగు నడుముకు దోపి, పెళ్ళికి వచ్చినట్టు ముఖం కడుక్కుని వచ్చింది.

"ఒక కన్ను మూసుకుని చదువు, అవ్వా," అంది విమల.

పోశవ్వ వెడల్పాటి అరచేతితో కన్ను కప్పుకుంది. నర్మద పెద్ద 'థ' మీద బెత్తం పెట్టింది.

"నాకు తెలుస్తలేదు బిడ్డా."

"ఇంత పెద్దది కూడానా?"

"పెద్దదైతేంది, చిన్నదైతేంది? ఒక్కటి సుత తెలుస్తలేదు."

"రెండో కన్ను?"

పోశవ్వ చెయ్యి మార్చింది. మార్చి, తనలో తను నవ్వుకుంది. "గీ కంటికి మాత్రం కొత్తగ యాడ తెలుస్తది?"

విద్యావతి టీచర్ మొహం వాడిపోయింది. "అయ్యో, అసలేమీ తెలియడం లేదట! ఈ చూపుతో ఎలా నెట్టుకొస్తోందో పాపం." ఆవిడ కళ్ళల్లో నిజంగానే తడి మెరిసింది.

నర్మద చేతిలో బెత్తం ఆగిపోయింది. తన ఇంట్లో అక్షరం రాకపోయినా తెలుస్తలేదంటారు, లెక్క రాకపోయినా అంటారు, దారి ఎరగకపోయినా అంటారు. పోశవ్వ ఏమందో పరీక్ష పెట్టేవాళ్ళలో తనకొక్కదానికి తెలిసింది. నోరు తెరిచింది. కానీ అక్షరం వేరు, చూపు వేరు అని చెప్పిన మరుక్షణం, అక్షరాలొచ్చి చూపు లేనివాళ్ళు కూడా ఉంటారా అని ఎవరో అడుగుతారు. ఆ ప్రశ్న నడుచుకుంటూ వచ్చి తన ముందు ఆగుతుంది.

"తర్వాత ఎవరు?" అంది విమల. నర్మద బెత్తాన్ని మళ్ళీ పైకి జరిపింది.

*

విద్యావతి టీచర్ జాలితోనే చెప్పింది. "వసుమతి గారూ, ఆ ముసలామెను పెద్ద దవాఖానకు పంపించండి. చూపు బొత్తిగా లేదు," అని. హాస్టలు చూసుకునే వసుమతమ్మ చెంప పట్టుకుంది. "అదీ సంగతి! నిన్న అన్నంల రాయి తగిలి నా పన్ను కదిలింది. కండ్లు లేని మనిషికి ఇందరు పిల్లల బియ్యం ఎట్లిస్తం?"

సోమవారం మధ్యాహ్నం కల్లా పోశవ్వను బయటికి పంపేశారు. "నాకు కండ్లు లేవని ఎవలు చెప్పిన్రు?" అని ముసలామె అడిగిందట. "పరీక్షల తేలింది," అన్నారట. ఆమె ఇంక మాట్లాడలేదనీ, చాట దులిపి, గోడకు చేరేసి, దానికొకసారి చెయ్యి ఆనించి పోయిందనీ వంటామె వచ్చి చెప్పింది. విద్యావతి టీచర్ గుమ్మంలో నిలబడి, "నేను పని తీసేయమనలేదే," అంది రెండుసార్లు, ఎవరితోనూ కాదు.

మంగళవారం బడి విడిచాక నర్మద ఒంటరిగా బయల్దేరింది. స్టేషను రోడ్డంతా ఎప్పటిలా మెత్తగా కరిగి ఉంది. టాంగాలు రంగుల మూటల్లా దొర్లుతున్నాయి. మనుషులు అంచులు లేకుండా వచ్చి, దగ్గరికొచ్చాక ముక్కూ మొహం తెచ్చుకుంటున్నారు. పెద్ద తోటగోడ పక్కన నీలంగా ఏదో కుప్ప. దాన్ని దాటిపోయింది.

"నర్మదమ్మా!"

గొంతు వినగానే నవ్వు వచ్చేసింది, వెంటనే ఆరిపోయింది. కుప్ప పోశవ్వ అయింది. ముందర గుడ్డ మీద రేగుపండ్లు.

"కూసో బిడ్డా. పొద్దుగాల సుత గీడికెల్లే పోతివి. నా మొకం దిక్కు చూస్తివి, చూడనట్టే పోతివి. ఇప్పుడు పిలిస్తె నవ్వుతివి." పోశవ్వ పండ్లల్లో పురుగున్నది ఏరి రోడ్డు మీదికి విసిరింది. "నన్ను చూసి గుర్తువడ్తలేవు. గొంతిని గుర్తువడ్తున్నవ్. ఔనా?"

ఎవరైనా విన్నారేమోనని నర్మద చుట్టూ చూసింది.

"గట్ల బెదురకు. నేనెవలకు చెప్తలే. వకీలు బిడ్డ ముచ్చట నాకెరుక లేదా? నీకు సుత బడి బంద్ చేస్తరు." మరో పండు తీసి చూసి, బాగుందని ఇటు పెట్టింది. "ఆదివారం గా అట్ట మొత్తం చదివినవట గదా. వంటామె చెప్పింది. నాకు నవ్వొచ్చింది."

"మరి నువ్వెందుకు చెప్పలే, అవ్వా? నీకు కనవడ్తదని?"

"చెప్తె ఇనేటోళ్ళెవరు? అట్టను వాళ్ళు నమ్మిన్రు." పోశవ్వ నిట్టూర్చలేదు. "గీ పండ్లున్నన్ని దినాలు గీడ కూసుంట. అటెన్క చూడాలె. బువ్వకే జర కష్టం. చేతులు మాత్రం ఇంటలేవు."

నర్మద అప్పుడు చూసింది. పండ్లేరడం ఆగినప్పుడల్లా ముసలామె రెండు చేతులూ ఒళ్ళో లేని చాటను పట్టుకుని మెల్లగా ఎగరేస్తున్నాయి. ఎగరేసి, ఒక పక్కకు వంచి, మళ్ళీ ఎగరేస్తున్నాయి. ఆమెకే ఆ సోయి లేదు.

పోశవ్వ దోసెడు పండ్లు ఓణీలో పోసింది. వద్దన్నా వినలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ దారపు ఉండ తెమ్మంటే నర్మద అబిడ్స్ దాకా పోయింది. మామూలుగా ఆ దారి ఆమెకు కల. పోస్టాఫీసు గోపురం సందెపొగలో తేలుతుంది. దుకాణాల దీపాలు ఒకదాని రెక్కల్లోకి ఒకటి ఒదిగిపోతాయి. బస్సులు రెండేసి చందమామలను ముందుపెట్టుకుని వస్తాయి. ఈ పూట కూడా అన్నీ అలాగే ఉన్నాయి. కానీ ప్రతి పువ్వు వెనకా ఎవరో కూర్చుని తనను చూస్తున్నట్టుంది. తనకు కనబడరు, వాళ్ళకు తను కనబడుతోంది. దారం తీసుకుని తలొంచుకుని వచ్చేసింది. రాత్రి రేగుపండ్లు తినబుద్ధి కాలేదు. ఒక్కదాన్లో కూడా పురుగు లేదు.

*

బుధవారం మండలి పని చూడటానికి మహిళా సంఘం వాళ్ళు వచ్చారు. జరీ అంచుల చీరలు వరండా అంతా పరుచుకున్నాయి. విద్యావతి టీచర్ రెండు రోజులుగా నవ్వడం లేదు, అయినా వచ్చినవాళ్ళకు పటం చూపించాలి.

"నర్మదా, నువ్వు చదివి వినిపించమ్మా."

నర్మద గీత మీదికి వచ్చింది. వరండా చివర తెల్లటి మబ్బు అలాగే వేలాడుతోంది. ఒక్కసారి దానివైపు చూసి, చటుక్కున వెనక్కి తిరిగింది. పటానికి వీపు పెట్టింది.

"అటు కాదే, ఇటు," అంది విమల.

"థ. గ, మ..." మొదలుపెట్టింది నర్మద. ఎదురుగా తోటలో పచ్చటి మసక. దాన్ని చూస్తూ వరస వెంట వరస, ఆవగింజల వరస దాకా చెప్పేసింది. ఎవరో ఒకావిడ గారడీ అనుకుని చప్పట్లు కొట్టింది.

"ఏమిటీ ఆట?" అంది టీచర్.

"ఆట కాదు టీచర్. ఎటు తిరిగినా నాకు గింతే." బడిమాట ఎటో పోయి ఇంటిమాట వచ్చేసింది. "నాకు అక్షరాలొస్తయ్, కనవడయ్. పోశవ్వకు కనవడ్తయ్, అక్షరాలు రావు. తెలుస్తలేదన్నది గందుకే. మా ఇంట్ల గట్లనే అంటం. భూమయ్య నాకు రావు అన్నడు, వదిలేసినం. ఆమె తెలుస్తలేదన్నది, కండ్లు తీసేసినం. నాకు ఆనాడే తెలుసు. చెప్పలే."

విద్యావతి టీచర్ పెదాలు కదిలాయి. 'తెలుస్తలేదు' అని ఆ మాటను నోట్లో వేసుకుని చూస్తున్నట్టు మెల్లగా పలికింది. కొత్త ఊరి కూర రుచి చూసినట్టు. తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"భూమయ్యా, పోశవ్వను పిలుచుకురా," అంది.

ముసలామె రేగుపండ్ల మూటతోనే వచ్చింది. ఈసారి టీచరే లేచి వెళ్ళి గీత మీద పక్కన నిలబడింది. చదవమనలేదు. "అవ్వా, అక్కడ ఏం కనబడుతోందో చెప్పు," అంది.

"ఏం కనవడ్తది పంతులమ్మా? తెల్లట్ట. నల్లటి గీతలు. అన్నిట్ల కింది వరసల నడిమిట్ల ఒక సిరా బొట్టు, దోమంత. ఎవలో ఏలుతోని తుడ్వబోయిన్రు, అలుక్కున్నది."

విమల పటం దగ్గరికి పరుగెత్తింది. వంగి చూసి, వెనక్కి తిరిగి తల ఊపింది.

"మరి అన్నంల రాళ్ళెట్ల వచ్చినయ్?" అంది వసుమతమ్మ, చెంప పట్టుకునే.

"నేనేరిన బియ్యంల వచ్చినయా, తొందరల నాకియ్యకుండ పొయ్యి మీదికెక్కించిన బియ్యంల వచ్చినయా? గది అడిగినవా అమ్మా?"

వంటామె గుమ్మం వెనక్కి తప్పుకుంది. వసుమతమ్మ చెంప మీది చెయ్యి తీసింది. లోపలికి పోయి చాట తెచ్చి ఇచ్చింది. పోశవ్వ దాన్ని అందుకుని, నర్మద దిక్కు ఒక చూపు చూసింది. అందులో మెప్పు కన్నా కోపమే ఎక్కువ. "ఎందుకు చెప్పినవే పిచ్చిదానా?" అని గొణిగింది.

*

ఆ సాయంత్రమే విద్యావతి టీచర్ నర్మద ఇంటికొచ్చి చాప మీద కూర్చుని చెప్పింది. చదువు వల్ల కాదనీ, కొందరికి కళ్ళ నిర్మాణమే అలా ఉంటుందనీ, అద్దాలు పెడితే సరిపోతుందనీ చెప్పింది. పెద్దమ్మ గడపలో కూర్చుని మొత్తం విన్నది. మజ్జిగ కూడా ఇచ్చింది. టీచర్ వీధి మలుపు తిరిగాక అంది:

"విన్నవా సదాశివా? చదువు కండ్లను తిననే తిన్నది. రేపటికెల్లి బడి బంద్."

"బంద్ చేద్దాం వదినా," అన్నాడు సదాశివ, నేల చూస్తూ. "కండ్లు మాత్రం చూపిస్త. పిల్ల గోడకు తల కొట్టుకుంటె ఎట్ల?"

అబిడ్స్‌లో అద్దాలు తయారై వచ్చేసరికి శనివారం అయింది. నీలం రిబ్బను గూట్లో మడిచి ఉంది. మూడు రోజులుగా నర్మద కూరగాయలు తరుగుతోంది, పెద్దమ్మ పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. పొద్దుగూకాక డాబా ఎక్కి, కళ్ళద్దాలు తగిలించుకుంది.

తోట లేదు. ఒక్క పువ్వు లేదు. చీకటి గుడ్డకు సూదితో పొడిచినట్టు గట్టి చుక్కలు. పెద్ద చక్రానికి ఇనుప కడ్డీలున్నాయి, తుప్పు రంగు గూళ్ళున్నాయి. తీగలున్నాయి. తీగల మీద చిరిగిన గాలిపటం ఉంది. లోకమంతా ఒక్కసారిగా అంచులు దిద్దుకుని నిలబడి, ఇదీ నేను అన్నది. నర్మదకు ఏడుపొచ్చింది.

"ఏమైందే? మంచిగ లెవ్వా?" పెద్దమ్మ ఆయాసంతో మెట్లెక్కి వచ్చింది.

"పూలు పోయినయ్ పెద్దమ్మా."

"ఏ పూలు?"

"నుమాయిష్‌వి. దీపాలు పూలోలె విచ్చుకుంటుండె గదా. ఇవి పెట్టుకుంటె ఒట్టి చుక్కలే."

పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "చుక్కలేంది? దీపాలంటె పూలోలె ఉండక ఎట్లుంటయే?"

నర్మద ఏడుపు ఆగిపోయింది. పెద్దమ్మ మొహంకేసి తిరిగింది. కొత్తగా కనబడుతున్న ఆ మొహంలో కనుబొమల మధ్య ఎన్నేళ్ళుగానో చికిలించిన గీత ఉంది. ముక్కు దగ్గరికి తెచ్చుకున్న సూది గుర్తుకొచ్చింది.

కళ్ళద్దాలు తీసి, పెద్దమ్మ చెవుల గంటీలకు తగలకుండా మెల్లగా తగిలించింది.

పెద్దమ్మ పిట్టగోడ పట్టుకుంది. పాట ఒకసారి దగ్గరికొచ్చి పోయింది.

"గా చక్రం మీద మనుషులున్నరే," అంది చివరికి, గుసగుసగా. "ఎవలదో పిల్ల. రెండు జడలు. కాళ్ళూపుతున్నది." తర్వాత తల పైకెత్తింది. నోరు తెరుచుకునే ఉంది. "ఓయమ్మో. గిన్నున్నయా పైన?"

నర్మదకు మళ్ళీ అంతా కరిగిపోయింది. పూలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తున్నాయి. వాటి మధ్య పెద్దమ్మ మసకగా, తల ఎత్తుకుని ఉంది.

"నేను ఒక్క అక్షరం సుత చదువలే గదనే," అంది ఆ మసక, ఎవరినో అడుగుతున్నట్టు.

నర్మదకు మెట్ల మీద సదాశివ వచ్చి నిలబడినట్టు అడుగుల చప్పుడును బట్టి తెలిసింది.

"ఇయ్యి పెద్దమ్మా," అంది నర్మద కొంతసేపటికి. గొంతును మామూలుగా ఉంచుకుంది. "సోమవారం లెక్కల పరీక్ష ఉన్నది. చదువుకోవాలె."

పెద్దమ్మ కళ్ళద్దాల మీద చెయ్యి వేసింది. తీయడానికి కాదు, జారకుండా పట్టుకోవడానికి.

"సోమవారం గదా?" అంది, ఆకాశం మీదినుంచి చూపు తిప్పకుండా. "ఇయ్యాల శనివారమే. జర ఆగు."